అరవై ఒకటో పేజీ

నేను పిరికిదాన్ని. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత నా మీద ఎవరూ పెద్ద ఆశలు పెట్టుకోరు. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. మర్యాద కోసమని అనుకునేరు. కాదు, భయం. మా కంపెనీ పేరు రాయను, మా సార్ పేరు రాయను, పడిపోయిన అన్న పేరు అసలే రాయను. నా పేరు కూడా రాయను. నేనింకా అక్కడే పని చేస్తున్నాను.

ఉండేది పటాన్‌చెరులో, కిరాయి ఇంట్లో. పొద్దున ఆరూ నలభైకి రోడ్డు మీద కంపెనీ బస్సు ఎక్కితే, బొంతపల్లి దాటాక గుమ్మడిదల వైపు ఉన్న మా ప్లాంటుకు ముప్పావు గంటలో చేరుస్తుంది. మందుల్లో వాడే పొడులు తయారుచేసే ప్లాంటు అది. అందులో నా పని డాక్యుమెంట్ సెల్‌లో. పేరు పెద్దదే కానీ పని చిన్నది. ప్రతి యంత్రానికీ ఒక లాగ్ బుక్కు ఉంటుంది. ఖాళీ పుస్తకానికి నేను పేజీ నంబర్లు వేసి, ముద్ర కొట్టి ఇవ్వాలి. నిండాక తిరిగి తీసుకుని బీరువాలో పెట్టాలి. పన్నెండేళ్లుగా ఇదే.

మా దగ్గర రాతకు కొన్ని పద్ధతులున్నాయి. ఏ పని చేసినా అప్పటికప్పుడే రాయాలి. ఎన్నింటికి, ఏ యంత్రం మీద, ఎవరు చేశారు, కింద సంతకం, తేదీ. పెన్సిలు పనికిరాదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేయాలి. పేజీ చింపడమంటే ఇక ఉద్యోగం మీద ఆశ వదులుకున్నట్టే. కొత్తగా చేరిన పిల్లలకు ఇవన్నీ చెప్పేది నేనే. చెప్పీ చెప్పీ అవి నాకు ఒంటికి పట్టేశాయి. ఇంట్లో పాలవాడి క్యాలెండరు మీద కూడా సంతకం పెట్టేదాన్ని, మా ఆయన నవ్వేవాడు.

ప్రతి డిసెంబరు ఆఖరి వారంలో మా కంపెనీలో లక్ష్యాల ఫారం ఇస్తారు. వచ్చే ఏడాది నువ్వు ఏం సాధిస్తావో రాయాలి. అన్నీ పని గురించిన వరసలే, చివరి వరస మాత్రం ‘వ్యక్తిగత లక్ష్యం’. అందరూ అందులో బరువు తగ్గుతానని రాస్తారు. నేనూ మూడేళ్లు అదే రాశాను, మూడేళ్లూ పెరిగాను. ఆ ఏడాది ఏం బుద్ధి పుట్టిందో, ‘కథలు రాయడం’ అని రాసి ఇచ్చేశాను.

ఊరికే పుట్టిన బుద్ధి కాదులెండి. మా పుట్టిల్లు సంగారెడ్డి. నాన్నకు బజారులో పప్పుల దుకాణం ఉండేది. బడి సెలవుల్లో కంది బస్తాల మధ్య కూర్చుని మా చెల్లెలికి కథలు అల్లి చెప్పేదాన్ని. అది నోరు తెరుచుకుని వినేది. నాన్న గల్లా దగ్గర నుంచే “ఆ, తర్వాత ఏమైందే?” అనేవాడు. ఆ ‘తర్వాత ఏమైంది’ అనే మాట మళ్లీ ఎవరైనా అంటే వినాలని ఉండేది నాకు. నలభై దగ్గరికొస్తున్న ఆడదానికి ఇదేం పిచ్చి అని ఎవరైనా అనుకున్నా సరే.

రెండో రోజే మా సార్ పిలిచాడు. ఆయన నాణ్యత విభాగానికి పెద్ద. మనిషి మంచివాడు, కాకపోతే బయటివాళ్లు వచ్చి మా రాతలన్నీ తనిఖీ చేసే ఆడిట్ అంటే ఆయనకు నాకంటే ఎక్కువ భయం.

“ఏందమ్మా ఇది? కథలు రాస్త అంటే ఎట్ల? కొలవనీకి రావాలె గదా. నంబర్ పెట్టు. ఎన్ని రాస్తవ్?”

“రోజుకో పేజీ, సార్” అనేశాను. నోరు ఊరుకోదు కదా.

“రాసినట్టు రుజువేంది మరి?”

“పేజీకి నంబర్ ఏస్త సార్. తేదీ ఏస్త.”

“సంతకం గూడ పెట్టు” అని ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఫారం మీద అదంతా రాసి కింద తన సంతకం చేశాడు. రోజుకు ఒక పేజీ, నంబరు, తేదీ, సంతకంతో. అలా నా కథల పుస్తకం పుట్టకముందే లాగ్ బుక్కు అయిపోయింది.

జనవరి ఒకటిన బస్సులో మొదలుపెట్టాను. ఆఫీసులో మిగిలిన గోధుమరంగు అట్ట ఉంటే పుస్తకానికి వేసుకున్నాను, తెల్ల లేబులు అంటించాను. మొదటి పేజీలో ఏం రాశానో తెలుసా? ‘6:40. బస్సు ఎక్కాను. కిటికీ సీటు దొరికింది.’ అంతే. రెండో పేజీలో బస్సు ఏడు నిమిషాలు ఆలస్యమైందని రాశాను. పదో పేజీ, ఇరవయ్యో పేజీ, అన్నీ ఇంతే. కథ అల్లుదామని కూర్చుంటాను, చెయ్యి మాత్రం జరిగిందే రాస్తుంది. జరగనిది రాయడానికి పెన్ను కదిలేది కాదు. పన్నెండేళ్లు ‘చూసిందే రాయాలి’ అని అందరికీ చెప్పిన పాపం ఊరికే పోతుందా! చిన్నప్పుడు బస్తాల మధ్య అంత సులువుగా వచ్చిన అబద్ధాలు ఒక్కటీ రాలేదు.

“ఏం రాస్తున్నవే గంత దీక్షగ?” అని మా ఆయన ఒకరోజు అడిగాడు.

“నా టార్గెట్.”

“కంపెనీల టార్గెట్లు చాలలేదా నీకు?”

ఆయన పని చేసే మిషన్ షాపు కిందటి వానాకాలమే మూతపడింది. ఇంకో చోట దొరకలేదు. ఇంట్లో నా జీతం ఒక్కటే. ఆ మాట ఆయన ఎప్పుడూ పైకి అనడు, పొద్దున నేను బస్సుకు బయలుదేరేటప్పుడు “జెర పైలం” అంటాడు, అంతే. ఆ ‘పైలం’ రోజంతా నా వెంటే ఉండేది. ఈ ప్రాంతంలో ఒక కంపెనీ తీసేసిన మనిషిని ఇంకో కంపెనీ గేటు లోపలికి రానివ్వదు. హెచ్ఆర్ వాళ్లంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారని అందరికీ తెలుసు. అందుకే నేను పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఎవరికీ ఎదురు చెప్పలేదు.

అరవై ఒకటో పేజీ రోజు బుధవారం.

మధ్యాహ్నం ప్రొడక్షన్‌లో కేకలు వినబడ్డాయి. వెళ్లి చూస్తే నలుగురు ఒక మనిషిని మోసుకొస్తున్నారు. సెంట్రిఫ్యూజ్ మీద పని చేసే అన్న. తడి పొడిని గిర్రున తిప్పి అందులోని ద్రావకాన్ని పిండేసే యంత్రం అది. మూత తీసినప్పుడు వాసన గుప్పుమంటుంది. మాస్కు వేసుకునే తీస్తారు, అయినా ఆ రోజు ఎక్కడ తేడా వచ్చిందో, అన్న అక్కడికక్కడే కూలబడ్డాడట. ముఖం నల్లబడింది. పెదవులు ఒక రకంగా ఉన్నాయి, నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మెట్ల దగ్గర పడుకోబెట్టి విసిరారు, నీళ్లు కొట్టారు. కళ్లు తెరవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఆయనది పక్క ఊరే. రెండెకరాల పొలం ఉంది, బోరు నీళ్లు పంటకు పనికిరాకుండా పోయాక ఇక్కడ చేరాడు. నాకంటే పదేళ్లు పెద్ద. లాగ్ బుక్కు తీసుకోవడానికి వస్తే “మేడమ్, నా పుస్తకం నిండింది, కొత్త బట్టలు పెట్టు దీనికి” అనేవాడు. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ముందు బెంచీ మీదే కూర్చుని కడుపునిండా తిన్నాడు. పప్పు రెండోసారి వేయించుకున్నాడు కూడా.

ప్లాంటులో ఏ ప్రమాదం జరిగినా ఒక ఫారం నింపాలి. ఆ ఫారాలకు నంబరు వేసి ఇచ్చేది నేనే. ఎవరూ అడగకముందే వెళ్లి బీరువా తీసి ఫారం బయట పెట్టాను. సార్ వచ్చాడు. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

“వద్దమ్మా, లోపల పెట్టు. ప్రమాదం కాదు ఏం కాదు. సోమవారం ఒక్కపొద్దట, వీరభద్రునికి. తినక కళ్లు తిరిగినయ్.”

“సార్, ఇయ్యాల...” అన్నాను.

“పెట్టమ్మా లోపల. రెండు వారాలల్ల ఆడిట్ ఉన్నది.”

పెట్టాను. బుధవారం నాడు సోమవారం ఒక్కపొద్దు ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, “తినలే, కళ్లు తిరిగినయ్” అని ఆయన చేతే చెప్పించారు. ఆయన చెప్పాడు. ఉన్న నౌకరి పోకుండా ఉంటే చాలన్నట్టు చూశాడు అందరి వైపూ.

తిరుగు బస్సులో పుస్తకం తీశాను. కథ రాద్దామని కాదు, రోజూ రాసే టైము, రాశాను. ‘మధ్యాహ్నం 2:40. సీఎఫ్-03 మూత తీస్తుండగా అన్న పడిపోయాడు. ఇరవై నిమిషాలు స్పృహ లేదు. నేను ఫారం తీశాను. లోపల పెట్టమన్నారు. పెట్టాను. ఒక్కపొద్దు అని చెప్పించారు. ఈ రోజు బుధవారం. ఆయన మధ్యాహ్నం తినడం నేను చూశాను.’ కింద పేజీ నంబరు, తేదీ, నా సంతకం.

రాసేటప్పుడు భయం వేయలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే వేసింది. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇది ఎవరి చేతిలోనైనా పడితే? చింపేద్దామని లేచాను. పుస్తకం తెరిచి ఆ కాగితం మూల పట్టుకున్నాను కూడా. చింపితే అరవై తర్వాత అరవై రెండు వస్తుంది. నా చెయ్యి రాలేదు. ఇది లాగ్ బుక్కు కాదే మొద్దూ, నీ సొంత పుస్తకమే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా రాలేదు. మా ఆయన చూస్తున్నాడని పుస్తకం బ్యాగులో పడేశాను. ఆ తర్వాత పన్నెండు రోజులు ఆ బ్యాగును బస్సులో భుజం మీంచి దించలేదు.

ఆ వారమే బస్సులో కాంట్రాక్టు వాళ్లు కొత్తగా చేరి కూర్చోవడానికి కూడా చోటు ఉండటం లేదు. రాసుకోవడానికి వీలు లేక, పుస్తకాన్ని లోపలికి తీసుకెళ్లి అన్నం టైములో నా టేబుల్ దగ్గర రాయడం మొదలుపెట్టాను. సొంత కాగితాలు లోపలికి తేకూడదు. ఆ మాట కూడా కొత్తవాళ్లకు చెప్పేది నేనే. అయినా తెచ్చాను. లక్ష్యం ఒక్కరోజు తప్పినా సంవత్సరం పాడైపోతుందన్న పిచ్చి పట్టుకుంది.

ఆడిట్ మొదటి రోజు అది. డెబ్భై మూడో పేజీ సగం రాశాను, టేబుల్ మీది ఆఫీసు ఫోను మోగింది.

“అమ్మా, సెంట్రిఫ్యూజ్ లాగ్ బుక్కులన్ని పైకి పంపు. జల్దీ. వాళ్లు కూసున్నరు.” అన్నాడు సార్.

బీరువాలోంచి ఏడు పుస్తకాలు తీసి టేబుల్ మీద పెట్టాను. రిజిస్టరులో ఏడు నంబర్లు రాశాను. పుస్తకాలన్నీ దొంతరగా ఎత్తి ట్రాలీలో పెట్టి పంపించేశాను. పెన్ను తీసుకుని, ఆపేసిన వాక్యం పూర్తి చేద్దామని కూర్చున్నాను. పెన్ను ఉంది. పుస్తకం లేదు.

బ్యాగులో వెతికాను. సొరుగులో వెతికాను. లేదని తెలిసి కూడా టేబుల్ కిందికి వంగి చూశాను. అదే గోధుమ అట్ట, అదే తెల్ల లేబులు. నా చేతులతో నేనే ఎత్తి పంపించాను. అమ్మో, కొంప మునిగింది అనుకున్నాను.

ఆడిట్ గదిలోకి పిలవకుండా ఎవరూ వెళ్లకూడదు. మెట్ల దాకా వెళ్లి తిరిగొచ్చాను. మళ్లీ వెళ్లాను. ఏమని చెప్పి తలుపు తట్టాలి? ఎనిమిదో పుస్తకం నాది, ఇచ్చేయండి అనాలా? నా ఫోను గేటు దగ్గర డబ్బాలో ఉంది, మా ఆయనకు చెప్పుకుందామన్నా వీల్లేదు. చెప్పినా ఆయన ఏం చేయగలడు పాపం. బాత్రూముకు రెండుసార్లు పోయాను. గోడ గడియారం వైపు చూడకూడదని చూడకుండా ఉన్నాను, కాసేపయ్యాక అదే చూస్తూ కూర్చున్నాను. గేటు పాసు తీసుకోవడం, సెక్యూరిటీ నా బ్యాగు వెతకడం, బస్సు నన్ను ఎక్కించుకోకుండా పోవడం, అన్నీ కళ్ల ముందు వరసగా వచ్చాయి. తర్వాత ఇంట్లో ఏం చెప్పాలి? కథలు రాయబోయి నౌకరి పోగొట్టుకున్నానని చెప్పాలా? వినేవాళ్లు నవ్వరూ!

గంటన్నర అయ్యాక ఫోను మోగింది. “పైకి రా” అని సార్ పెట్టేశాడు.

గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆడిట్‌కు ఇద్దరు వచ్చారు. ఒకాయన విదేశీయుడు, ఎర్రటి ముఖం, మెత్తగా మాట్లాడతాడు. ఇంకొకామె ముంబై నుంచి వచ్చింది, కళ్లజోడు, ముఖంలో నవ్వు లేదు. ఇద్దరికీ తెలుగు రాదు. వాళ్ల ముందు నా పుస్తకం తెరిచి ఉంది. ఏ పేజీయో దూరం నుంచే తెలిసింది. పుస్తకం మొత్తంలో ఇంగ్లీషు అక్షరాల్లో యంత్రం నంబరు ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. తెలుగు రాకపోతేనేం, నంబరు చదవడం వచ్చు కదా. ఆమె వేలు సరిగ్గా దాని మీదే ఉంది.

సార్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయనకు తెలుగు వచ్చు. ఆయన ఆ పేజీ చదివేశాడని ముఖం చూస్తేనే తెలిసింది. నా లక్ష్యాల ఫారం కూడా తెప్పించి టేబుల్ మీద పెట్టించాడు.

“మీరు కథలు రాస్తారని మీ సార్ చెబుతున్నారు. ఇదిగో ఈ ఫారంలో కూడా ఉంది. రోజుకు ఒక పేజీ, నంబరు, తేదీ, సంతకంతో” అన్నాడు విదేశీయుడు ఇంగ్లీషులో. “చాలా క్రమశిక్షణ. ఈ పేజీ మాకు చదివి చెప్తారా?”

పుస్తకం నా వైపు తిప్పాడు. నా చేతిరాత నాకే కొత్తగా కనబడింది. ‘నేను ఫారం తీశాను. లోపల పెట్టమన్నారు. పెట్టాను.’ సార్ వైపు చూశాను. ఆయన టేబుల్ వైపు చూస్తున్నాడు. టేబుల్ కింద ఆయన మోకాలు అదురుతోంది. ఆ అదురు టేబుల్ మీది గ్లాసులో నీళ్లకు తెలుస్తోంది.

నిజం చదివితే ఆ సాయంత్రమే నా నౌకరి పోతుంది. సార్‌ది కూడా పోతుంది. ప్లాంటు మూసేస్తారో ఏమో. ఇవన్నీ అప్పుడు ఇంత వివరంగా ఆలోచించానని చెప్తే అబద్ధం. నాకు మా ఆయన ‘పైలం’ అన్న మాట ఒక్కటే వినబడింది. నోరు తెరిచాను.

“ఒక రైతు ఉన్నాడు” అన్నాను ఇంగ్లీషులో.

అక్షరాల మీద వేలు పెట్టి, చదువుతున్నట్టే ఒక్కో వరసా జరుపుతూ చెప్పాను. మిట్టమధ్యాహ్నం రైతు పొలానికి నీళ్లు పెట్టడానికి మోటారు దగ్గరికి పోయాడు. ఎండకు కళ్లు తిరిగి పడిపోయాడు. పక్క చేలల్లో వాళ్లు నలుగురు వచ్చి మోసుకుపోయి చింతచెట్టు నీడలో పడుకోబెట్టారు. ఒకామె కొంగుతో విసిరింది. ఆయన బర్రె కట్టు తెంపుకుని వచ్చి పక్కనే నిలబడింది, ఎవరు తోలినా పోలేదు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, మాటలు బాగా వచ్చాయి. డెబ్భై మూడు రోజులు పెన్ను పట్టుకుంటే ఒక్కటి రానివి ఆ గదిలో వరస కట్టి వచ్చాయి.

“మోటారు దగ్గర పడిపోతే ఇక్కడ సీఎఫ్-03 అని ఎందుకు రాశారు?” అంది ముంబై ఆమె. “అది మీ సెంట్రిఫ్యూజ్ నంబరు. ఇందాకే దాని లాగ్ బుక్కు చూశాను.”

నా వేలు కూడా సరిగ్గా ఆ నంబరు మీదే ఉంది.

“అది మోటారుకు నేను పెట్టిన నంబరు మేడమ్” అన్నాను. “పన్నెండేళ్ల నుంచి నా పని నంబర్లు వేయడమే. నా కథలో బర్రెకు కూడా నంబరు ఉంటుంది.”

విదేశీయుడు పెద్దగా నవ్వాడు. ముంబై ఆమె నవ్వలేదు. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. ప్రతి పేజీ కిందా నా సంతకం. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. ఈలోగా నేను ఎన్ని దేవుళ్లకు మొక్కానో నాకే తెలియదు.

“తర్వాత ఏమైంది?” అన్నాడు విదేశీయుడు. “ఆ రైతుకు?”

“లేచాడు సార్. నీళ్లు తాగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.”

“మంచిది” అన్నాడు. పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. సొంత పుస్తకాలు లోపలికి తేకూడదు కదా అని మెత్తగా గుర్తుచేసి, కాగితం మీద ఒక వరస రాసుకున్నాడు. తర్వాత సెంట్రిఫ్యూజ్ లాగ్ బుక్కు దగ్గరికి లాక్కున్నాడు. అందులో ఆ బుధవారం రెండూ నలభై దగ్గర ఏమీ లేదు.

బయట వరండాలో సార్ నా వెనకే వచ్చాడు. తిడతాడనుకున్నాను. గోడకు ఆనుకుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఇంటికి తీస్కపో దాన్ని. మళ్ల నాకు కనవడొద్దు.” రెండడుగులు వేసి ఆగాడు. “మంచిగ చెప్పినవమ్మా” అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ సాయంత్రం పుస్తకాన్ని ఇంట్లో బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. ఆ ఏడాది లక్ష్యం డెబ్భై మూడో పేజీలో సగం వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఏడాది చివర్లో సార్ నా ఫారం మీద ‘సాధించారు’ అని రాసి సంతకం చేశాడు.

అన్నను ప్రొడక్షన్ నుంచి తీసేసి తోటపనిలో వేశారు. మొక్కలకు నీళ్లు పెట్టే పని. తేలిక పని ఇచ్చారు, అదృష్టవంతుడన్నారు అందరూ. నేను డాక్యుమెంట్ సెల్ కిటికీలోంచి ఆయన్ను చూసేదాన్ని. పైపు లాగుతూ లాగుతూ ఆగిపోయేవాడు. ఆయన తల ఇటు తిప్పబోతే నేను వెనక్కి జరిగేదాన్ని.

వానలు పడ్డాక ఒకరోజు ఆయనే కిటికీ దగ్గరికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

“మేడమ్, దవాఖానల డాక్టర్ అడుగుతున్నడు. గ్యాస్ గిట్ల పీల్చినవా, ఎప్పుడు, ఎంతసేపు పడ్డవ్, కంపెనీ నుంచి కాయిదం తే అన్నడు. సార్‌ను అడిగితే గసోంటిది ఏం లేదు, ఒక్కపొద్దు ఉండి పడ్డవ్ గదా అన్నడు. నీ దగ్గర అన్ని కాయిదాలు ఉంటయ్ గదా. జెర సూస్తవా?”

“ఒక్క నిమిషం అన్నా” అన్నాను.

రిజిస్టరు తీశాను. అందులో ఏముందో, ఏం లేదో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా పేజీలు తిప్పాను. ఒక్కొక్కటే, నిదానంగా, వేలు పెట్టి వెతుకుతున్నట్టు. ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు. నా దగ్గర ఉంది, అన్నా. ఎన్నింటికి పడ్డావో, ఎంతసేపు పడి ఉన్నావో అన్నీ ఉన్నాయి, కింద నా సంతకం ఉంది, రేపు తెస్తాను. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ కాగితం డాక్టరు దగ్గరికి పోతుంది, డాక్టరు నుంచి ఇంకెక్కడికో పోతుంది, సంతకం ఎవరిదని అడుగుతారు.

“లేదన్నా” అన్నాను.

“లేదా?” అన్నాడు. కోపం లేదు. ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. “ఆడిట్ దొర ముంగట నా ముచ్చటనే కథ లెక్క చెప్పినవంట గదా. సార్ ఎవరికో చెప్తుంటే విన్న.”

తల ఊపాను.

“ఏమైతది కథల నాకు?”

“లేస్తవన్నా. నీళ్లు తాగి, నడుసుకుంట ఇంటికి పోతవ్.”

“మంచిగ చెప్పినవ్” అన్నాడు. ఆ మాటలో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని ఆయన ముఖమంతా వెతికాను. లేదు. చువ్వలు వదిలి, పోబోయి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ నా వైపు తిరిగాడు.

“ఇంటికి పోయినంక ఏమైతది మేడమ్?”

“ఆడి దాక చెప్పలేదన్నా” అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపి గేటు వైపు నడిచాడు. దగ్గరే గేటు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు.